ఎల్298ఎన్ కొనాలా, బీటీఎస్7960 కొనాలా?

ఇవి రెండూ మోటార్ డ్రైవర్లు, అంటే బ్యాటరీ కరెంటును అదుపు చేసి రోబో మోటార్లకు పంపే బోర్డులు. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో మోటార్ డ్రైవర్ అడిగితే ముందు ఎల్298ఎన్ బోర్డే చేతిలో పెడతారు. చవక, ఒక్క బోర్డుతో రెండు మోటార్లు నడుస్తాయి. గీత వెంట నడిచే లైన్ ఫాలోయర్ రోబోకి అది చాలు. రోబోలతో ఫుట్‌బాల్ ఆడే రోబో సాకర్‌కి మాత్రం నేను వద్దనే అంటాను.

దానిలో ఉండేవి పాతకాలం బైపోలార్ ట్రాన్సిస్టర్లు. 1 ఆంపియర్ లాగితేనే దాదాపు 2 వోల్టులు చిప్‌లోనే పోతాయి. 12 వోల్టుల బ్యాటరీ పెట్టినా మోటారుకు అందేది పదే, మిగతాదంతా వేడి. మా హాస్టల్ గదిలో పదినిమిషాలు నడిపాక హీట్‌సింక్ మీద వేలు పెట్టలేకపోయాం.

బీటీఎస్7960లో మాస్‌ఫెట్లు, అంటే కరెంటును చాలా తక్కువ నష్టంతో పంపే మరో రకం ట్రాన్సిస్టర్లు ఉంటాయి. కరెంటు దారిలో నిరోధం సుమారు 16 మిల్లీ ఓమ్‌లే కాబట్టి 10 ఆంపియర్లకు పోయేది 0.16 వోల్టు. 43 ఆంపియర్లని అమ్ముతారు గానీ, ఆ చిన్న హీట్‌సింక్‌తో అంత కరెంటు ఆగకుండా లాగలేం. మోటారుకొక బోర్డు కావాలి. బోర్డును ఆన్ చేసే రెండు ఎనేబుల్ పిన్నులకూ 5 వోల్టులు ఇవ్వకపోతే అసలు కదలదు, చాలామంది మరిచిపోయేది ఇదే.

డ్రైవర్‌కి ఆదేశాలిచ్చే చిన్న కంట్రోలర్ బోర్డు ఆర్డినో మాటిమాటికీ రీసెట్ అవుతుంటే మాత్రం డ్రైవర్ మార్చి లాభం లేకపోవచ్చు. మా రోబో చక్రాలు గాల్లో ఉంటే బాగా తిరిగేవి, నేల మీద ఒక్కసారి రివర్స్ కొడితే ఆర్డినో లైటు ఆరి వెలిగేది. చూస్తే బ్యాటరీ వైరు సన్నం, టెర్మినల్ స్క్రూ వదులు. వైరు మార్చి, ఆర్డినోకి విడిగా బక్ కన్వర్టర్ (వోల్టేజీ తగ్గించే బోర్డు) పెట్టి, గ్రౌండ్లన్నీ, అంటే నెగటివ్ వైర్లన్నీ కలిపాం. ఆ రీసెట్ మళ్లీ రాలేదు.