అటక ఖాళీ చేయడం దసరాకా, భోగికా?
ఆకులు రాలేది మనకి శిశిరంలో, కానీ మనసు దులుపుకునే సీజన్ శరత్తే అనిపిద్ది, వానలు తగ్గి ఎండ తేటగా ఉంటది కదా.

ఖర్చు: దసరా ముందైతే పాత పేపర్లు, ఇనుము బండోడికేస్తే నాలుగు డబ్బులొస్తాయ్. భోగికి బూడిదే.

శ్రమ: భోగికి తెల్లారకముందే లేచి మంటలో వేసేయడమే. దసరాకి అటకంతా దించాలి, నడుం పట్టేసిద్ది, పైగా ఇది నాన్న రేడియో కదా అని పట్టుకు కూర్చుంటే సాయంత్రమైపోద్ది (నాకైతే అదే అసలు పని).

రిస్క్: మంటలో పడ్డది తిరిగి రాదు. ప్లాస్టిక్, టైర్లు మాత్రం వేయొద్దు, వీధంతా విషప్పొగ.

విరిగిన కుర్చీ, చెద పట్టిన చెక్కలైతే భోగికి ఉంచండి. ఉత్తరాలు, ఫోటోలైతే దసరాకే దించండి, తేలకపోతే కార్తీకంలో బెజవాడ కృష్ణ ఒడ్డున దుర్గా ఘాట్ మెట్ల మీద కాసేపు కూర్చుని ఆలోచించుకోవచ్చు.