పది జెర్సీలు మార్చిన సార్ దగ్గర మా వాడి ఫుట్‌బాల్: నాలుగు నెలల అనుభవం

నల్లగొండలో పానగల్లు వైపు ఒక టర్ఫ్‌లో వారానికి నాలుగు రోజులు, సాయంత్రం ఐదున్నర నుంచి ఏడు దాకా పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పిస్తున్నారు. నెలకు 1,200 రూపాయలు. మా వాడు ఎనిమిదో తరగతి. జూన్‌లో చేర్పించాను. నా షాపుకు మోటారు రిపేరుకు వచ్చినవాళ్లంతా "అక్కడ ఎట్లుందే?" అని అడుగుతున్నారు కాబట్టి అందరికీ ఒకేసారి చెప్తున్నా.

మొదటి రోజు నాకేమీ నచ్చలేదు. బోర్డు లేదు, రసీదు లేదు. కోచ్ సార్‌కు అరవై దాటినట్టున్నాయి, కుడి మోకాలు సరిగ్గా వంగదు. "ఏ టీమ్‌కు ఆడేవారు సార్?" అంటే నవ్వి, వేళ్లు మడవడం మొదలుపెట్టారు. సాగర్ హిల్ కాలనీ కుర్రాళ్ల జట్టు, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు జట్టు, హైదరాబాద్ లీగ్‌లో మూడో నాలుగో... రెండు చేతుల వేళ్లూ అయిపోయాక ఆపేశారు. ఎక్కడా ఉద్యోగం పర్మనెంట్ కాలేదు. ఎవరి సెంటర్ ఫార్వర్డ్‌కు (ముందుండి గోల్స్ కొట్టేవాడికి) దెబ్బ తగిలితే వాళ్ల దగ్గరికి బస్సెక్కడమే. "ఒక్కచోట నిలవని మనిషి పిల్లలకు ఏం నేర్పుతాడు?" అని మా ఆవిడ డౌటు. నాకు మాత్రం అక్కడే గురి కుదిరింది.

దానికి కారణం ఉంది. 2016లో లెస్టర్ సిటీ అనే క్లబ్బు ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా పైదైన ప్రీమియర్ లీగ్ గెలిచినప్పటి నుంచి నాకు ఆ క్లబ్బు పిచ్చి. షాపులో కాయిల్ చుట్టుకుంటూ ఫోన్లో వాళ్ల పాత మ్యాచ్‌లు పెట్టుకుంటా. అట్లా దొరికాడు స్టీవ్ క్లారిడ్జ్, వాళ్ల పాత ఫార్వర్డ్. సాక్సులు చీలమండల దాకా జారిపోయి ఉంటాయి, చూస్తే ఆటగాడిలాగే ఉండడు. ఆల్డర్‌షాట్, కేంబ్రిడ్జ్, లూటన్, బర్మింగ్‌హామ్ క్లబ్బులన్నీ తిరిగి లెస్టర్‌కు వచ్చాడు. 1996 మేలో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ప్లే ఆఫ్ ఫైనల్, గెలిచినవాళ్లు పై లీగ్‌కు పోతారు. క్రిస్టల్ ప్యాలెస్‌తో ఎక్స్‌ట్రా టైమ్ కూడా అయిపోతోంది, ఇక పెనాల్టీలే అనుకుంటుండగా దూరం నుంచి కొట్టాడు. బంతి తగిలింది పాదానికి కాదు, మోకాలి కింది ఎముకకు! గోల్. లెస్టర్ పై లీగ్‌కు వెళ్లింది. మరుసటి ఏడాది లీగ్ కప్ ఫైనల్ డ్రా అయి మళ్లీ ఆడిన మ్యాచ్‌లో మిడిల్స్‌బ్రో మీద పడిన ఒకే ఒక్క గోల్ కూడా ఇతనిదే.

ఆ తర్వాతి కథ నాకు ఇంకా ఇష్టం. 2005లో మిల్‌వాల్ క్లబ్బు క్లారిడ్జ్‌ను మేనేజర్‌గా పెట్టుకుని, సీజన్ మొదలు కాకముందే 36 రోజులకు తీసేసింది. మరుసటి ఏడాది డిసెంబర్‌లో, నలభై ఏళ్ల వయసులో, బోర్న్‌మత్ తరఫున తన వెయ్యో మ్యాచ్ ఆడాడు. ఆ తర్వాత సాలిస్‌బరీలో పాత క్లబ్బు మూతపడి కొత్తది పెడితే దానికి మేనేజర్‌గా వెళ్లాడు. ఇంగ్లండ్‌లో తొమ్మిదో మెట్టు మీదున్న లీగ్ అది. 2015-16లో దాన్ని గెలిపించి టీమ్‌ను పైకి తెచ్చాడు. కాలిపోయిన మోటార్లు విప్పి విప్పి ఉన్నవాడికే వైండింగ్ ఎక్కడ కాలుతుందో తెలుస్తుంది. మా సార్ మీద నాకు గురి అందుకే.

ఒకరోజు ఆ వెంబ్లీ గోల్ సార్‌కు ఫోన్లో చూపించాను. మూడుసార్లు చూశారు. "కాలికెట్ల తగిలితే ఏంది, అక్కడికి చేరుకున్నడు గదా" అన్నారు. తర్వాత ఆయన మాట్లాడింది మాత్రం హైదరాబాద్ హబీబ్ గురించే. కోల్‌కతా పెద్ద క్లబ్బులు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడినవాడు, 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మోస్ టీమ్ మీద గోల్ కొట్టినవాడు, ఆట అయ్యాక టాటా అకాడమీలో పిల్లలకు నేర్పినవాడు. ఆ రోజు క్లాసు పది నిమిషాలు ఆలస్యంగా మొదలైంది, తప్పు నాదే.

ఇక నేర్పడం సంగతి. చిన్న టర్ఫ్ ఆటలో ఆఫ్‌సైడ్ ఉండదు, అంటే పాస్ కొట్టకముందే అవతలి డిఫెండర్లను దాటి నిలబడినా తప్పు కాదు. అక్కడే ఆడి అలవాటైన పిల్లలు పెద్ద గ్రౌండ్‌కు పోతే పది నిమిషాల్లో ఐదుసార్లు జెండా లేస్తుంది. అందుకని సార్ ఆదివారం పొద్దున్నే ఆరింటికి వాళ్లను కాలేజీ గ్రౌండ్‌కు రమ్మంటారు. దీనికి వేరే ఫీజు లేదు. నలుగురు పిల్లలకు ఒక పొడుగాటి తాడు ఇచ్చి అడ్డంగా నిలబెడతారు. అదే బ్యాక్ లైన్, అంటే డిఫెండర్ల వరస. వాళ్లు ముందుకూ వెనక్కూ జరుగుతుంటే, పాస్ కొట్టేదాకా ఫార్వర్డ్ తాడు దాటకూడదు. మా వాడు మొదటి వారం తాడుకు తట్టుకుని బోర్లా పడ్డాడు. ఇప్పుడు తాడుతో పాటు నడిచి, పాస్ ఇచ్చేవాడు తల ఎత్తగానే ఉరుకుతున్నాడు.

నాకు అన్నిటికన్నా నచ్చింది బెంచి దగ్గర. ఆగస్టులో మిర్యాలగూడలో మ్యాచ్ ఆడితే మా వాణ్ణి మొదటి పదకొండు మందిలో తీసుకోలేదు. మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. సార్ వచ్చి పక్కన కూలబడి, "బిడ్డా, అవతలి కుడి బ్యాక్ (కుడివైపు డిఫెండర్) ఎడమకాలుతో బంతి ఎన్నిసార్లు కొడతడో లెక్కపెట్టు, నిన్ను దించేటప్పుడు అడుగుతా" అన్నారు. రెండో సగంలో నిజంగానే అడిగారు. "రెండేసార్లు సార్, రెండుసార్లూ బయటికే పోయింది" అన్నాడు వీడు. "అయితే వాణ్ణి ఆ కాలు మీదికే తిప్పు" అని పంపారు. వీడు గోల్ కొట్టలేదు, కొట్టిన ఒక్క షాట్ కీపర్ చేతుల్లోకే పోయింది. కానీ ఇంటికి వచ్చేదాకా రైల్లో ఆ బ్యాక్ కాళ్ల గురించే చెప్తూ వచ్చాడు. ఎన్ని ఊళ్లలో బెంచీల మీద కూర్చుంటే ఆ మాట తెలిసుంటుంది!

లోపాలూ చెప్పాలి. గోల్ కీపర్ పిల్లలకు ఇక్కడ పెద్దగా ఏమీ దొరకదు. సార్‌కు కీపర్ అంటే ఇప్పటికీ శత్రువే, వాళ్లను గోల్‌లో నిలబెట్టి మర్చిపోతారు. వర్షం పడితే క్లాసు ఉందో లేదో ఎవరూ చెప్పరు, పోయి చూసుకోవాల్సిందే. ఇరవై మందికి ఒకటే వాటర్ క్యాన్, బాటిల్ ఇచ్చి పంపండి. ఏడింటికి బాక్స్ క్రికెట్ వాళ్ల స్లాట్, వాళ్లు ఆరూ యాభైకే గేటు దగ్గర నిలబడి టెన్షన్ పెడతారు. టర్ఫ్ యజమానికి ఈ మాట రెండుసార్లు చెప్పాను, తల ఊపాడు, అంతే. ఇక టర్ఫ్‌లోని నల్ల రబ్బరు గింజలు మా ఇంట్లో పరుపు కింద కూడా దొరుకుతున్నాయి.

చేర్పించేవాళ్లు తొందరపడి పెద్ద స్టడ్స్ ఉన్న షూస్ కొనకండి. టర్ఫ్ మీద వాటిని వేయనివ్వరు, చిన్న గుబ్బలున్నవే కావాలి. నేను అడగకుండా కొని మోసపోయాను. సైజు 5, రెండుసార్లు వేసుకున్నవి, షాపులో కౌంటర్ కింద ఉన్నాయి. కావాల్సినవాళ్లు వచ్చి తీసుకుపోండి.