ఎక్స్‌రేకి వెళ్ళే గర్భిణులూ, పిల్లల తల్లిదండ్రులూ జాగ్రత్త

నిన్న సాయంత్రం మా ఆరేళ్ళ బాబు సైకిల్ మీంచి పడ్డాడు, మణికట్టు వాచిపోయింది. ఆత్మకూరు నుంచి నెల్లూరు పొగతోటకి తీసుకొచ్చాం. డాక్టరు ఎక్స్‌రే రాశారు. దగ్గర్లో ఉందని ఒక సెంటర్‌కి పోయాం. పేరు రాయడం లేదు.

నేను కౌంటర్ దగ్గర డబ్బులు కడుతుంటే మా ఆవిడని, బాబుని లోపలికి పిలిచారు. వాడు నొప్పికి ఏడుస్తూ చెయ్యి లాక్కుంటున్నాడు. "నువ్వే గట్టిగా పట్టుకో" అన్నాడట టెక్నీషియన్. మా ఆవిడకిప్పుడు మూడో నెల. ఆ మాట చెప్పింది కూడా. "ఒక్క సెకండు పనికి ఇంత కథేందమ్మా, బయట ఎంతమంది ఉండారో చూడు" అన్నాడట. ఎక్స్‌రే కిరణాల్ని అడ్డుకునే సీసం ఏప్రాన్ అక్కడే గోడకి వేలాడుతోంది. తీసి చేతికివ్వడానికి ఎంతసేపు పడుతుంది? తలుపు కూడా పూర్తిగా వెయ్యలేదు. మొదటిది కదిలిపోయిందని రెండోసారి తీశాడు, అప్పుడూ తనే పట్టుకుంది. నేను వెళ్ళి అడిగితే "నువ్వేమన్నా డాక్టరువా?" అన్నాడు. రెండోసారికీ డబ్బులు తీసుకున్నారు.

రసీదు కోసం నిలబడకుండా వాళ్ళతో పాటు లోపలికి పోయి ఉండాల్సింది. తప్పు నాది కూడా. రాత్రంతా ఇద్దరికీ టెన్షన్, నిద్ర లేదు.

పొద్దున మా గైనకాలజిస్ట్ నెమ్మదిగా చెప్పారు. ఛాతీ ఎక్స్‌రేకి పడే రేడియేషన్ సుమారు 0.1 మిల్లీసీవర్ట్, మామూలుగా ప్రకృతి నుంచి 10 రోజుల్లో మన ఒంటికి తగిలేంత. చేతి ఎక్స్‌రేకి అందులో వందో వంతే. పక్కన నిలబడ్డవాళ్ళకి ఇంకా తక్కువ. బిడ్డకి భయం లేదన్నారు. ప్రాణం లేచొచ్చింది. కానీ గర్భిణి చేత పట్టించడం మాత్రం తప్పే అన్నారు. పొట్ట సీటీ స్కాన్ అయితే ఛాతీ ఎక్స్‌రేలు 80 తీసినంత. సీటీ దగ్గర కూడా ఎవరైనా ఇంత నిర్లక్ష్యంగా ఉంటే?

కాబట్టి నెల తప్పిందేమో అని అనుమానం ఉన్నా ముందే చెప్పండి, వినకపోతే బయటికొచ్చేయండి. పిల్లల్ని పట్టుకోవాల్సి వస్తే తండ్రో మేనమామో ఏప్రాన్ వేసుకుని పట్టుకోవాలి. తలుపు వేశాకే తియ్యమనండి. ఎక్స్‌రే మిషన్‌కి అణుశక్తి నియంత్రణ మండలి, అంటే ఏఈఆర్‌బీ, లైసెన్స్ తప్పనిసరి. ఉందా అని అడగండి. పాత ఫిల్ములు దాచుకుని డాక్టరుకి చూపిస్తే కొన్నిసార్లు మళ్ళీ తీయించే పని తప్పుతుంది. అలాగని భయపడి, డాక్టరు అవసరమని రాసిన ఎక్స్‌రే మానుకోవద్దు. మా వాడి ఎముక చిట్లిందని తెలిసింది దానివల్లే.