నిశ్చితార్థం ఉంగరం: గని వజ్రమా, ల్యాబ్ వజ్రమా, రాయి లేని బంగారమా?

నిశ్చితార్థం ఉంగరం కోసం షాపుకెళ్తే ఇప్పుడు మూడు రకాలు చూపిస్తారు. రాయి లేని 22 క్యారెట్ బంగారు ఉంగరం, గని వజ్రం పొదిగిన 18 క్యారెట్ ఉంగరం, అదే డిజైన్‌లో ల్యాబ్‌లో పెంచిన వజ్రం ఉన్న ఉంగరం. మూడూ మంచివే, కానీ ఒక్కోటీ ఒక్కో అవసరానికి. ఆ తేడా పట్టించుకోకుండా కొన్నవాళ్లకి అసలు సంగతి నాలుగైదేళ్ల తర్వాత, ఉంగరం మార్చుకుందామని తీసుకెళ్లినప్పుడు తెలుస్తుంది.

మా సలహా ముందే చెప్తాం. అవసరానికి అక్కరకొచ్చే సొమ్ముగా ఉండాలంటే 22 క్యారెట్ సాదా ఉంగరం తీసుకోండి. వేలి మీద రాయి నిండుగా కనిపించాలి, ఖర్చు మాత్రం అదుపులో ఉండాలి అంటే ల్యాబ్ వజ్రం. ఇంట్లో పెద్దవాళ్లకి అసలు రవ్వే కావాలన్న పట్టింపు ఉంటే 25 నుంచి 40 సెంట్ల (సెంటు రాయి బరువు కొలత) లోపు గని వజ్రం చాలు. గని వజ్రాన్ని బంగారం లాంటి ఆస్తి అనుకుని పెద్దది కొనడం ఒక్కటే మేం గట్టిగా వద్దనేది.

డబ్బు లెక్క

బంగారం ధర రోజూ మారేదే కాబట్టి లెక్క సులువుగా ఉండటానికి 22 క్యారెట్ గ్రాము రూ. 10,000 అనుకుందాం. 4 గ్రాముల సాదా ఉంగరంలో బంగారం రూ. 40,000. తరుగు 12 శాతం వేస్తే రూ. 4,800. ఈ మొత్తం మీద 3 శాతం జీఎస్టీ రూ. 1,344. హాల్‌మార్క్ రుసుము పన్నుతో కలిపి రూ. 53. చేతికొచ్చేసరికి దాదాపు రూ. 46,200. మర్నాడే వెనక్కిస్తే బంగారం విలువ రూ. 40,000 వరకు వస్తుంది, కొన్నిచోట్ల అందులోనూ రెండు శాతం కోస్తారు. పోయేది తరుగు, పన్ను మాత్రమే. బేరమాడాల్సింది కూడా తరుగు మీదే. సాదా ఉంగరానికి 15 శాతం పైన అడిగితే ఇంకో షాపు చూసుకోండి, అందులో అంత పనితనం ఉండదు.

రాయి ఉంగరం లెక్క వేరు. 18 క్యారెట్ అంటే వెయ్యికి 750 పాళ్ల బంగారం, కాబట్టి పై ధర ప్రకారం గ్రాము సుమారు రూ. 8,180 పడాలి. ఉంగరం మొత్తం బరువు 3.5 గ్రాములు, అందులో 30 సెంట్ల వజ్రం ఉందనుకోండి. రాయి బరువులో 100 సెంట్లు ఒక క్యారెట్, ఒక క్యారెట్ 0.2 గ్రాములు; బంగారం స్వచ్ఛత చెప్పే క్యారెట్ వేరు. అంటే రాయి బరువు 0.06 గ్రాములు. బంగారం ధర 3.44 గ్రాములకే వేయాలి. ఒంటి రాయి ఉంగరంలో ఈ తేడా ఐదొందల లోపే గానీ, నవరత్నాల ఉంగరంలోనో పెద్ద కెంపు ఉన్నదాంట్లోనో రాళ్ల బరువు గ్రాము దాటిపోతుంది. రాళ్ల బరువు తీయకుండా బిల్లు వేస్తే రాయికి బంగారం ధర కట్టినట్టే. బిల్లులో మొత్తం బరువు, నికర బరువు, రాయి బరువు మూడూ విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి.

ఇక రాయి ధర. గని వజ్రానికి బంగారంలా రోజువారీ బోర్డు రేటు ఉండదు. కొన్న షాపువాళ్లే, వాళ్ల షరతుల ప్రకారం, ఇంత శాతం అని వెనక్కి తీసుకుంటారు. ఎక్స్‌ఛేంజ్‌కి ఒక శాతం, నగదు కావాలంటే అంతకన్నా తక్కువ. వేరే షాపుకి తీసుకెళ్తే చాలాచోట్ల రాయిని లెక్కలోకే తీసుకోరు, బంగారానికి మాత్రం విలువ కడతారు. అందుకే గని వజ్రం కొంటే ఆ శాతం ఎంతో బిల్లు మీదే రాయించుకోవాలి. సేల్స్‌మన్ నోటిమాటగా చెప్పింది ఐదేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ల్యాబ్ వజ్రం ఒక క్యారెట్ సైజులో గని వజ్రం ధరలో ఐదో వంతుకో, ఇంకా తక్కువకో దొరుకుతోంది. సూరత్‌లో ఉత్పత్తి పెరిగేకొద్దీ ధర దిగుతూ వస్తోంది. కొనేవాళ్లకి ఇది మేలే. తిరిగి అమ్మేటప్పుడు మాత్రం రాయికి ఏమీ రాదనే లెక్క వేసుకుని కొనండి. కొన్ని షాపులు ఎక్స్‌ఛేంజ్ ఇస్తున్నాయి గానీ ఆ షరతులు ఎప్పుడు మారతాయో చెప్పలేం. రాయికి పెట్టింది ఖర్చు కిందే రాసుకుని, బంగారం విలువ మాత్రమే మిగులుతుందని లెక్కేసుకుంటే ల్యాబ్ వజ్రం తెలివైన కొనుగోలే.

ల్యాబ్ వజ్రం డూప్లికేట్ రాయా?

కాదు. రెండూ కర్బనమే, రెండిటి గట్టిదనమూ ఒకటే. గని వజ్రం భూగర్భంలో కోట్ల ఏళ్లు ఉండి పైకొచ్చింది. ల్యాబ్ వజ్రాన్ని రెండు పద్ధతుల్లో పెంచుతారు. సీవీడీ పద్ధతిలో చిన్న వజ్రపు పలక మీద మీథేన్ వాయువులోని కర్బనాన్ని పొరలు పొరలుగా పేరుస్తారు. హెచ్‌పీహెచ్‌టీ పద్ధతిలో విపరీతమైన ఒత్తిడి, వేడి కలిపి పెంచుతారు. కంటితో చూసి తేడా చెప్పడం ఎవరివల్లా కాదు. షాపులో పెన్నులాంటి టెస్టర్ పెట్టి 'చూడండి, డైమండే' అంటారు. అది వేడి ఎంత త్వరగా ప్రవహిస్తుందో చూసే పరికరం, దానికి రెండూ వజ్రాలే. పాత రకం టెస్టర్లు మొయిసనైట్ అనే వేరే రాయిని కూడా వజ్రమనే చెప్తాయి. కాబట్టి ఆ పెన్ను గని వజ్రమని రుజువు చేయదు. సర్టిఫికెట్ ఒక్కటే రుజువు.

అమ్మేవాళ్లు ల్యాబ్ వజ్రం గురించి 'ఇది టైప్ 2ఏ, గోల్కొండ వజ్రాల రకం' అంటుంటారు. ఆ మాటలో సగమే నిజం. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిన పేరుమోసిన వజ్రాల్లో చాలావరకు నత్రజని దాదాపు లేని టైప్ 2ఏ రకానివే, గని వజ్రాల్లో అలాంటివి నూటికి రెండు కూడా ఉండవు. సీవీడీ వజ్రాలు మాత్రం దాదాపు అన్నీ టైప్ 2ఏనే, ఎందుకంటే ఆ గదిలోకి నత్రజనిని పెద్దగా రానివ్వరు. అందరికీ దొరికే లక్షణానికి అదనంగా డబ్బు కట్టకండి.

ల్యాబ్ వజ్రంలో చూడాల్సింది వేరే ఉంది. సీవీడీ రాళ్లలో కొన్నిటికి లేత గోధుమ ఛాయ, హెచ్‌పీహెచ్‌టీ రాళ్లలో కొన్నిటికి లేత నీలి ఛాయ ఉంటుంది. షాపులో పైనుంచి పడే స్పాట్ లైట్ల కింద అది కనపడదు. తెల్ల కాగితం మీద పెట్టి గుమ్మం దగ్గర పగటి వెలుతురులో చూడండి. చూడనివ్వకపోతే ఆ రాయి వద్దు.

'అమెరికన్ డైమండ్' అనేది మాత్రం వజ్రం కాదు, క్యూబిక్ జిర్కోనియా. కొన్నేళ్లు రోజూ పెట్టుకుంటే అంచులు అరిగి మసకబారుతుంది. మొయిసనైట్ దానికన్నా గట్టిది, సిలికాన్ కార్బైడ్. ఇంద్రధనుస్సు రంగులు వజ్రం కన్నా ఎక్కువగా చిమ్ముతుంది, పెద్ద రాయిలో ఆ తేడా తెలిసిపోతుంది. వజ్రం అని చెప్పకుండా అమ్మితే తప్పేమీ లేదు.

రాయిలో దేనికి డబ్బు పెట్టాలి

మన షాపుల్లో అలవాటుగా 'వీవీఎస్, ఈఎఫ్' అంటారు. వీవీఎస్ అంటే పదింతలు పెద్దదిగా చూపించే భూతద్దంలోనూ మచ్చలు పట్టుకోవడం కష్టమైన రాయి, ఈఎఫ్ అంటే రంగు దాదాపు లేనిది. 30 సెంట్ల గని వజ్రంలో వీవీఎస్‌కీ దాని కింది మెట్టు వీఎస్‌కీ తేడా మామూలు కంటికి తెలియదు, డబ్బుకి మాత్రం బాగా తెలుస్తుంది. పసుపు బంగారంలో పొదిగితే ఈఎఫ్ తర్వాతి మెట్లయిన జీ, హెచ్ రంగు రాయి కూడా తెల్లగానే కనిపిస్తుంది. అలా మిగిలిన డబ్బు కట్‌కి, అంటే రాయిని కోసిన తీరుకి పెట్టండి. మెరుపంతా కట్‌లోనే ఉంది. లోతు ఎక్కువగా కోసిన రాయికి బరువంతా అడుగునే ఉండిపోతుంది, సెంట్లు ఎక్కువ పడి సైజు చిన్నగా కనిపిస్తుంది. మంచి కట్ ఉన్న గుండ్రటి రాయి 30 సెంట్లకి సుమారు 4.3 మి.మీ., 50 సెంట్లకి 5.1, ఒక క్యారెట్‌కి 6.5 మి.మీ. వెడల్పు ఉండాలి. సర్టిఫికెట్‌లో కొలతలు రాసి ఉంటాయి, పోల్చి చూడండి. ఇంకో కిటుకు: 50 సెంట్లు, 100 సెంట్ల దగ్గర ధర ఒక్కసారిగా ఎగురుతుంది. 46 సెంట్లో 92 సెంట్లో తీసుకుంటే చూపులో తేడా రాదు.

వజ్రాల్ని పరీక్షించే జీఐఏ, ఐజీఐ సంస్థల సర్టిఫికెట్ ఉన్న రాయి నడుము అంచు మీద సాధారణంగా రిపోర్ట్ నంబరు లేజర్‌తో చెక్కి ఉంటుంది, ల్యాబ్ వజ్రమైతే అది ల్యాబ్‌లో పెంచిందన్న సంగతీ చెక్కుతారు. పొదగక ముందే భూతద్దంలో ఆ నంబరు చదివి కాగితంతో సరిచూసుకోండి. పొదిగాక చుట్టూ బంగారం కప్పేస్తే నంబరు కనపడదు. పొదిగిన ఉంగరానికే ఇచ్చే సర్టిఫికెట్‌లో రాయి బరువు కొలతల్ని బట్టి వేసిన అంచనా మాత్రమే, తూచింది కాదు.

రోజూ పెట్టుకునే చేతికి

ఎక్కువ నష్టాలు జరిగేది ఇక్కడే, ఎక్కువమంది అడగనిదీ ఇదే. 22 క్యారెట్ మెత్తన. సాదా ఉంగరానికి అది ఇబ్బంది కాదు, సొట్ట పడితే కంసాలి సరిచేస్తాడు. రాయిని పట్టి ఉంచే సన్నటి కొక్కేలకి మాత్రం, షాపుల్లో వీటిని ప్రాంగ్స్ అంటారు, ఆ మెత్తదనం ప్రమాదం. తలుపు గడియకో బైక్ హ్యాండిల్‌కో తగిలి ఒకటి కొద్దిగా లేచినా మిగతావి రాయిని పట్టలేవు. అందుకే రాయికి 18 క్యారెట్ తీసుకోవాలి. నాలుగు కొక్కేల కన్నా ఆరున్నది మేలు, ఒకటి వదిలినా రాయి నిలుస్తుంది.

రాయి ఎత్తుగా నిలబెట్టిన ఓపెన్ సెట్టింగ్ ఫొటోల్లో అందంగా ఉంటుంది. వెలుతురు కింది నుంచీ అందుతుంది కాబట్టి మెరుపూ ఎక్కువే. కానీ చపాతీ పిండి కలిపితే పిండి రాయి కిందికి పోయి గట్టిపడుతుంది, పట్టుచీర జరీ పోగు కొక్కేనికి చిక్కుకుని లాగుతుంది, గ్లౌజులు వేసుకునే డాక్టర్లకీ నర్సులకీ గ్లౌజు చిరుగుతుంది. వంటింట్లోనో ఆస్పత్రిలోనో చేతులతో పనిచేసేవాళ్లకి చుట్టూ బంగారం అంచుతో మూసిన, వేలికి దగ్గరగా కూర్చునే క్లోజ్డ్ సెట్టింగ్ మేలు. మెరుపు కొద్దిగా తగ్గుతుంది, రాయి మాత్రం తేలిగ్గా కదలదు.

ఏ సెట్టింగ్ అయినా ఆర్నెల్లకోసారి ఉంగరాన్ని చెవి దగ్గర పెట్టి వేలితో తట్టండి. టిక్‌టిక్ మని చిన్న శబ్దం వస్తే రాయి వదులైనట్టే, ఆ రోజే తీసి షాపుకివ్వండి. శుభ్రం చేయడానికి గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసి 20 నిమిషాలు నానబెట్టి, పిల్లల మెత్తటి బ్రష్‌తో రాయి అడుగు వైపు నుంచి రుద్దితే చాలు. బ్లీచింగ్ వాడేటప్పుడు మాత్రం తీసేయండి. క్లోరిన్ 18 క్యారెట్‌లో కలిపిన ఇతర లోహాల్ని తినేసి కొక్కేల్ని పెళుసు చేస్తుంది.

తెల్ల బంగారం నచ్చేవాళ్లు ఒక్కటి తెలుసుకోవాలి. ఆ తెలుపు పైన వేసిన రోడియం పూతది. రోజూ పెట్టుకుంటే ఒకటి రెండేళ్లలో వేలి కింది వైపు పసుపు ఛాయ బయటపడుతుంది, మళ్లీ పూత వేయించాలి. ప్లాటినానికి ఆ బాధ లేదు గానీ అదే డిజైన్‌కి 18 క్యారెట్ కన్నా బరువు సుమారు మూడో వంతు ఎక్కువ. 1,768 డిగ్రీల దగ్గర గానీ కరగదు కాబట్టి మామూలు కంసాలి దగ్గర సైజు మార్చడం కుదరదు. ఊళ్లో ఉండేవాళ్లకి అది ఇబ్బందే.

సైజు, ముద్ర

దారం చుట్టి కొలిస్తే దారం సాగి తప్పు వస్తుంది. సరిపోయే పాత ఉంగరం తీసుకెళ్లడం మేలు. వేలు సాయంత్రానికి, ఎండాకాలంలో కాస్త ఉబ్బుతుంది, అందుకే పొద్దున్నే కొలత ఇవ్వకండి. 6 మి.మీ. పైన వెడల్పున్న ఉంగరానికి ఒక సైజు పెంచాలి. మన సైజు 12 అంటే లోపలి చుట్టుకొలత సుమారు 52 మి.మీ., అది అమెరికాలో 6. అక్కడున్న అబ్బాయి ఫోన్‌లో 'నా సైజు 9' అన్నాడని ఇక్కడ 9 చేయిస్తే కణుపు దాటదు. అమెరికా 9 అంటే మన 19, 20 మధ్య. ఎప్పుడూ మిల్లీమీటర్లలో అడగండి. చుట్టూరా రాళ్లున్న ఉంగరానికి సైజు మార్చడం దాదాపు కుదరదు, రాళ్లు సగం వరకే ఉన్నది తీసుకోండి.

ఉంగరం లోపలి వైపు బీఐఎస్ (హాల్‌మార్క్‌ని నడిపే ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) గుర్తు, స్వచ్ఛత చెప్పే 22కె916 లేదా 18కె750, ఒక్కో నగకి విడిగా ఇచ్చే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ కోడ్ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఈ కోడ్ తప్పనిసరి, 2 గ్రాముల లోపు నగలకి మినహాయింపు ఉంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ కోడ్ కొడితే స్వచ్ఛత, హాల్‌మార్క్ వేసిన కేంద్రంతో పాటు అది ఏ నగో కూడా వస్తుంది. మీ చేతిలో ఉంగరం ఉండి యాప్ 'చైన్' అని చూపిస్తే అక్కడే ఆగిపోండి. ముద్రలో ఉన్నంత స్వచ్ఛత లేదని పరీక్షలో తేలితే, తగ్గిన విలువకి రెండింతలు, పరీక్ష ఖర్చుతో కలిపి ఇవ్వాలని బీఐఎస్ నిబంధన ఉంది. సైజు మార్చేటప్పుడు ఆ కోడ్ ఉన్నచోట కోయొద్దని కంసాలికి ముందే చెప్పండి, అది చెరిగితే మార్పిడి రోజున మళ్లీ పరీక్ష అంటారు.

ముహూర్తానికి కనీసం మూడు వారాల ముందు ఆర్డర్ ఇవ్వండి. వారంలో రాయి పొదిగి ఇచ్చినా సైజు సరిచేయడానికి, కోడ్ సరిచూడటానికి, ఏదైనా తేడా వస్తే తిప్పి పంపడానికి మిగతా రెండు వారాలూ కావాలి. బిల్లులో రాయి గనిదో ల్యాబ్‌దో, సర్టిఫికెట్ నంబరు, మూడు బరువులు, తరుగు శాతం, వెనక్కి తీసుకునే షరతు రాసి ఉన్నాకే మిగతా డబ్బు కట్టండి.