చుట్టుకొలత అడిగే ఆ ఒక్క గడి: మూడేళ్లు వాడిన సైకిల్ మీటరు

తెర, బటన్ల సంగతులు డబ్బా మీదే ఉంటాయి కనుక వాటి జోలికి పోను. ఈ మీటరు మీద నాకు మమకారం కలగడానికీ, ఒక నెలపాటు కోపం రావడానికీ సెట్టింగులలో చక్రం చుట్టుకొలతను మిల్లీమీటర్లలో అడిగే ఒక్క గడే కారణం.

చక్రం పుల్లకు బిగించిన అయస్కాంతం ఫోర్కు మీది సెన్సర్‌ను దాటిన ప్రతిసారీ ఈ మీటరు ఒక చుట్టు లెక్కవేసుకుని, ఆ సంఖ్యను మనమిచ్చిన చుట్టుకొలతతో గుణించి దూరం చూపుతుంది. మనమిచ్చింది తప్పయితే అంతే ధీమాగా తప్పే చూపుతుంది.

మొదట్లో పట్టిక చూసి, నా 32 మి.మీ. టైరుకు 2155 అని నింపాను. రిమ్ము 622, పైనా కిందా టైరు 32 చొప్పున కలిపితే వ్యాసం 686 అవుతుంది, దాన్ని 3.1416తో గుణిస్తే సరిగ్గా అంతే వస్తుంది కాబట్టి సందేహించలేదు. కొన్ని నెలల తరువాత, పొద్దుపోక అనే చెప్పాలి, సుద్దముక్క, టేపు తీసుకుని కొలవడానికి పూనుకున్నాను. ముందు చక్రం వాల్వు నేలవైపు ఉండగా గీత గీసి, సైకిలు దిగి తోసుకుంటూ మూడు చుట్లు తిన్నగా దొర్లిస్తే 6.45 మీటర్లు వచ్చింది. అదే నేను ఎక్కి కూర్చుని, ఇంట్లోవాళ్లు గీతలు గీస్తుండగా దొర్లిస్తే 6.42 మీటర్లే వచ్చింది. బరువుకు టైరు అణిగి చుట్టుకు పది మిల్లీమీటర్లు తగ్గడం కళ్లారా చూసిన ఆనందం ఇంతా అంతా కాదు. 2140 అని మార్చుకున్నాను. పాత అంకెతో నేను నిజంగా వంద కిలోమీటర్లు తొక్కితే మీటరు మరో 700 మీటర్లు కలిపి చూపేదన్నమాట.

ఒకసారి కొలిచిపెడితే ఇక చూసుకోనక్కర్లేదని అప్పట్లో అడిగినవారికల్లా చెప్పాను. ఆ మాట కొంత సవరించుకోవాలి. బ్యాటరీ మార్చినప్పుడు గడిలోని అంకె చడీచప్పుడు లేకుండా కంపెనీ పెట్టిన 2096కు వెళ్లిపోయింది. రోజూ తెర మీద 20 కిలోమీటర్లు నిండేదాకా తొక్కే నేను, నెలపాటు రోజుకు దాదాపు 420 మీటర్లు అదనంగా తొక్కి, కాళ్లలో సత్తువ తగ్గిందేమోనని బెంగపడ్డాను. గాలి తగ్గినా ఆ కొలత కాస్త మారుతుంది. అయస్కాంతం పక్కకు జరిగితే చుట్లే లెక్కకు రావు.

నాకున్నది ఒకే సైకిలు, పోయేది ఒకే దారి, కొలతల పిచ్చి కూడా ఉంది కనుక ఇది నాకు సరిపోయింది. తరచూ చక్రాలు మార్చేవారికి, దారి పటం కూడా కావాలనేవారికి ఇదే కొనమని చెప్పలేను. ఇప్పుడు 2140 అని చీటీ రాసి మీటరు వెనక అంటించుకున్నాను. ఆ రోజు టైరులో గాలి ఎంత ఉందో కూడా దాని మీద రాసుకుని ఉండవలసింది.