సూపర్ అని బొటనవేలు చూపిస్తే పైకి లాగేశాడు: మా అండమాన్ ట్రిప్పు

ముందే చెప్తున్నా, అండమాన్ మీద నాకు ఏ కోపమూ లేదు. కోపమంతా చెన్నై టి.నగర్‌లో ఏసీ రూములో కూర్చుని మాకు ప్యాకేజీ అంటగట్టిన ఏజెంట్ మీద, మిగిలింది ఏమైనా ఉంటే అది ఏమీ అడక్కుండా సంతకం పెట్టేసిన నా మీద. వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తుందని డబ్బుల లెక్కతో సహా రాస్తున్నా.

మేం నలుగురం. నేను, మా ఆవిడ, పదకొండేళ్ళ మావాడు, మా అత్తయ్య. అత్తయ్యది నెల్లూరు, రెండేళ్ళుగా వేలచ్చేరిలో మా దగ్గరే ఉంటున్నారు. పొంగల్ అయ్యాక జనవరి మూడో వారంలో బయల్దేరాం. చెన్నై నుంచి విమానంలో రెండుంపావు గంటలు, నలుగురికీ రానూపోనూ 46,800. చెన్నై నుంచి ఓడ కూడా ఉంది కదా అందులో పోదాం అని అత్తయ్య గట్టిగానే అడిగారు కానీ మూడు రోజుల ప్రయాణమని చెప్తే మావాడే ముందు ఏడుపు మొహం పెట్టాడు. ఏజెంట్‌కి కట్టింది 98,000: హోటళ్ళు, కార్లు, దీవుల మధ్య ఫెర్రీలు, ముగ్గురికి స్కూబా (వీపున గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలోకి దిగడం) అన్నీ కలిపి.

పేర్లతో మొదటి గందరగోళం. అక్కడి రాజధాని పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబర్‌లో శ్రీ విజయపురం అని మార్చారు, హేవ్‌లాక్ దీవిని 2018 చివర్లోనే స్వరాజ్ ద్వీప్ అన్నారు, నీల్ దీవిని షహీద్ ద్వీప్ అన్నారు. మాట్లాడేటప్పుడు అందరూ పాత పేర్లే, మా ఫెర్రీ టికెట్ల మీద మాత్రం కొత్తవి. "స్వరాజ్ అంటున్నారు, మనం వెళ్ళేది హేవ్‌లాక్ కదా బాబూ, వేరే పడవ ఎక్కిస్తున్నాడేమో" అని అత్తయ్య జెట్టీ మీద నా చొక్కా పట్టుకుని ఆపేశారు.

పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు ఒక్కటి చాలు, మిగతావి టైముంటేనే. 1906లో కట్టడం పూర్తయినప్పుడు ఏడు రెక్కలుండేవట, ఇప్పుడు మిగిలినవి మూడే. ఒక గదిలోకెళ్ళి తలుపేసుకుని నిలబడి చూడండి, ఎదురుగా కనపడేది పక్క రెక్క వీపే, ఇంకో మనిషి మొహం కనపడకూడదనే అలా కట్టారు. అల్లూరి మనుషుల్లో కూడా కొందర్ని అండమాన్‌కే పంపారు కదా అని అత్తయ్య పలకల మీద తెలుగు పేర్లు వెతుకుతూ గంటసేపు అక్కడే ఉండిపోయారు, మేం ఆవిడ కోసం వెతుక్కున్నాం.

హేవ్‌లాక్ హోటల్ గురించి రెండు ముక్కలు. "సీ వ్యూ" అన్నాడు, బాల్కనీలో కుర్చీ వేసి దాని మీద నిలబడితే కొబ్బరిచెట్ల సందులోంచి ఓ జానెడు నీలం కనపడింది. చెకౌట్ పొద్దున 8 గంటలకే. సరే, పడుకోడానికే కదా అని సర్దుకున్నాం. రాధానగర్ బీచ్ మాత్రం ఎంత పొగిడినా తక్కువే, 2004లో టైమ్ పత్రిక ఆసియాలో బెస్ట్ అందంటే అనదా మరి. కానీ మా డ్రైవర్ తీసుకెళ్ళింది 4:45కి! అక్కడా మన గడియారమే, సూర్యుడు మాత్రం చెన్నై కంటే యాభై నిమిషాలు ముందే నడుస్తాడు, జనవరిలో 5:30 దాటితే చీకటే. మధ్యాహ్నం మూడింటికే వెళ్ళిపోండి, ఎవరేం చెప్పినా వినకండి.

ఇక అసలు కథ. మూడో రోజు స్కూబా. కాగితంలో ఉన్నది "ప్రీమియం డైవ్, 45 నిమిషాలు, 12 మీటర్లు, ఫోటోలు వీడియో ఫ్రీ", విడిగా అయితే మనిషికి 4,500 అని కూడా రాశాడు. పొద్దున 6:30కి జీపులో తీసుకెళ్ళి ఒక రేకుల షెడ్డు ముందు దింపారు, అక్కడ అప్పటికే ఓ ముప్పై మంది తడి బెంచీల మీద టోకెన్లు పట్టుకుని రేషన్ షాపులో లాగా కూర్చున్నారు. ఒకడొచ్చి అట్ట మీద ఫారం పెట్టి "సైన్, సైన్" అన్నాడు, చదవబోతే వెనకాలవాళ్ళు వెయిటింగ్ అన్నాడు. నాకిచ్చిన వెట్‌సూట్ (నీళ్ళలో వేసుకునే బిగుతు రబ్బరు డ్రెస్సు) మోకాలి దగ్గర చిరిగి ఉంది, నా ముందు వేసుకున్నాయన తడి కూడా ఆరలేదు. నడుం లోతు నీళ్ళలో మూడు నిమిషాలు హిందీలో క్లాసు: నోటితో గాలి పీల్చు, చెవి నొప్పి వస్తే ముక్కు మూసి ఊదు. అంతే, చలో.

పిల్లి తన పిల్లని మెడ పట్టుకుని తీసుకెళ్ళినట్టు వెనక నుంచి సిలిండర్ పట్టుకుని అక్కడి డైవర్ ఒకడు నన్ను లోపలికి తోసుకుపోయాడు. నాకు మీసాలున్నాయి, మాస్క్ అంచు సరిగ్గా అతుక్కోక ఉప్పునీళ్ళు బొట్టుబొట్టుగా కారి ముక్కులో మంట. అయినా సరే, ఒక్కసారి కింద బండల మీద ఆ పసుపూ నలుపూ చారల చేపల గుంపు కనపడేసరికి అన్నీ మర్చిపోయా. సంతోషం పట్టలేక వాడి వైపు తిరిగి రెండు బొటనవేళ్ళూ ఎత్తి చూపించా, సూపర్ అని. వాడు తలూపి నన్ను తీసుకుని జామ్మని పైకి వచ్చేశాడు.

పైకొచ్చి "క్యా హువా సర్" అంటాడు. ఏమీ కాలేదయ్యా, బాగుందన్నా అంటే, బొటనవేలు పైకి చూపిస్తే నీళ్ళలో "పైకి వెళ్దాం" అని అర్థమట! బాగుందంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలట. ఈ ముక్క ముందు చెప్పాలా వద్దా? మళ్ళీ దింపమంటే, తర్వాతి టోకెన్ వాళ్ళు రెడీగా ఉన్నారు సర్, మీరే కదా అడిగారు అన్నాడు. ఒడ్డున ఫోన్ పట్టుకుని కూర్చున్న అత్తయ్య "అప్పుడే అయిపోయిందా అల్లుడుగారూ, పదకొండు నిమిషాలే అయింది" అన్నారు. ఆవిడ దెప్పలేదు, లెక్క చెప్పారంతే, అయినా నాకు ఒళ్ళు మండింది.

మా ఆవిడది ఇంకో బాధ. రెండ్రోజులుగా జలుబు. దిగిన రెండు మీటర్లకే చెవిలో సూది గుచ్చినట్టయి ఏడుస్తూ పైకొచ్చేసింది, ఆ రోజంతా ఆ చెవి దిబ్బడేసి నాతో మాట్లాడలేదు. మావాడొక్కడే ఇరవై నిమిషాలు తిరిగొచ్చాడు. ఫ్రీ అన్న ఫోటోలు ఫోన్‌లోకి ఎక్కించడానికి 800 "సర్వీస్ ఛార్జీ", తీరా చూస్తే అందులో మావి తొమ్మిది, మిగతావన్నీ ఎవరో కొత్త దంపతులవి.

ఆ రాత్రి నిద్ర పట్టక, ఏజెంట్‌తో సంబంధం లేకుండా దగ్గర్లో ఒక చిన్న డైవ్ షాపుకి వెళ్ళి అడిగా. అక్కడి కుర్రాడు నా హిందీ రెండు నిమిషాలు విని "మీరు తెలుగా అన్నా" అన్నాడు! వాళ్ళ తాతలది శ్రీకాకుళం వైపట, ఇతను పుట్టిపెరిగింది పోర్ట్ బ్లెయిర్‌లో. మనవాళ్ళు అక్కడ బాగానే ఉన్నారు, బజార్లో తెలుగు వినపడుతూనే ఉంటుంది. పడవలో తీసుకెళ్ళి చేయించే డైవ్ మనిషికి 6,500 అన్నాడు. బేరం ఆడితే నవ్వి ఊరుకున్నాడు, తగ్గించలేదు. నాకూ మావాడికీ 13,000.

అతను ముందు ఫారం నింపించాడు, ఒక్కో ప్రశ్నా చదివి: ఆయాసం ఉందా, గుండె జబ్బు ఉందా, చెవి ఆపరేషన్ అయిందా, జలుబుందా. మా ఆవిడకి జలుబని తెలిసి "వదినా, మీరు డబ్బులిచ్చినా దింపను" అనేశాడు. పది మీటర్ల లోతుకి వెళ్తే ఒంటి మీద ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపవుతుందట, ముక్కు దిబ్బడేస్తే చెవిలోకి గాలి వెళ్ళదు, మొదటి రెండు మూడు మీటర్లలోనే ఆ ఒత్తిడంతా కర్ణభేరి మీద పడుతుంది. అందుకని నొప్పి వచ్చాక కాదు, రాకముందే మాటిమాటికీ ఊదుకుంటూ దిగాలి. ఎట్టి పరిస్థితిలోనూ ఊపిరి బిగపట్టకూడదు. చివరి డైవ్‌కీ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి. ఇవన్నీ మాకు మొదటి డైవ్ అప్పుడు ఎవరూ చెప్పలేదు.

తర్వాత నా మొహం కేసి చూసి "అన్నా, ముక్కు కింద ఒక్క గీత గీసేయండి, మీసం పోదు, నీళ్ళు రావు" అన్నాడు. పొద్దున్నే హోటల్ బాత్రూంలో రేజర్‌తో గీసుకుని బయటికొస్తే, ఒకరోజంతా మాట్లాడని మా ఆవిడ నా మొహం చూసి పడీపడీ నవ్వింది. 13,000లో ఓ మూడు వేలు అక్కడే వసూలయ్యాయి.

ఈసారి మాస్క్‌లోకి చుక్క రాలేదు. అర గంట పైనే ఉన్నాం, తొమ్మిది మీటర్ల దాకా వెళ్ళాం. నా చేతికి బెజవాడ దుర్గమ్మ గుడిలో కట్టిన ఎర్రదారం ఉంది, కిందకి వెళ్ళేకొద్దీ అది గోధుమరంగు అయి చివరికి దాదాపు నల్లగా అయిపోయింది, నీళ్ళు ముందు ఎరుపునే మింగేస్తాయట. కుర్రాడు దాని మీద టార్చ్ వేస్తే మళ్ళీ కుంకుమలాగా భగ్గుమంది. ఒక పచ్చటి చిలకమూతి చేప పగడపు బండని కొరుకుతుంటే జంతికలు నమిలినట్టు ఆ చప్పుడు నీళ్ళలో స్పష్టంగా వినపడింది. మావాడు కామెడీగా నాకు బొటనవేలు చూపించబోయి, ఠక్కున సున్నా చుట్టాడు.

డబ్బులు మాత్రం నోట్లలో ఉంచుకోండి. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక నెట్ చాలా మెరుగైందంటారు, పోర్ట్ బ్లెయిర్‌లో నిజమే, హేవ్‌లాక్‌లో మాత్రం ఆ 13,000 యూపీఐ మూడుసార్లు ఫెయిలయింది. ఎలిఫెంట్ బీచ్ వెళ్ళాం, రద్దీ, పిల్లలుంటే వెళ్ళొచ్చు.

నీల్ దీవిలో ఊళ్ళ పేర్లు చూసి అత్తయ్యకి పండగ: సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. అక్కడి రాతి వంతెన చూడాలంటే నీళ్ళు వెనక్కి తీసిన టైములో వెళ్ళాలి, మమ్మల్ని మాత్రం సరిగ్గా పోటు మీదున్నప్పుడు తీసుకెళ్ళారు, దూరం నుంచి చూసి వచ్చాం. ఆటుపోట్ల టైము ముందురోజే హోటల్లో అడిగి పెట్టుకోండి.

కానీ నీల్‌లో తిన్న భోజనం! ప్యాకేజీ హోటల్లో పనీర్ తిని తిని విసుగెత్తి, జెట్టీ దగ్గర బజార్లో ఒక బెంగాలీ ఆవిడ నడిపే నాలుగు బల్లల హోటల్లో కూర్చున్నాం. అప్పట్లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలవాళ్ళే ఈ దీవుల్లో ఎక్కువ. ప్లేటు 220: పొగలు కక్కే అన్నం, ఎర్ర కందిపప్పు, బొప్పాయికాయ కూర, ఆవపిండి పెట్టి వండిన చేప. ఊళ్ళో ఎవరింట్లో చేపల పులుసు తిన్నా వంక పెట్టకుండా చెయ్యి కడుక్కోని మనిషి మా అత్తయ్య, నెల్లూరు పులుసు తప్ప ఇంకోటి చేపల కూరే కాదంటారు. ఆవిడ మొదటి ముద్ద తిని ఆగారు. మేమంతా మొహం చూస్తున్నాం. ఏమీ అనకుండా రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. చివర్లో లేస్తూ, "ఒక్క మామిడికాయ ముక్క వేసుంటేనా..." అన్నారు, భాష రాకపోయినా ఆ వంటావిడ చెయ్యి మాత్రం పట్టుకుని వదల్లేదు.

పైన తిండీ ఆటోలూ అవీ 21,000 కలిపితే మొత్తం 1,78,800. చెన్నై వచ్చాక టి.నగర్ ఆఫీసుకి వెళ్ళి వీడియో చూపించా. ఏజెంట్ శ్రద్ధగా చూసి, "సార్, ఇందులో మీరే కదా పైకి తీసుకెళ్ళమంటున్నారు, అదీ రెండు చేతులతో" అన్నాడు. 45 నిమిషాల్లో వెట్‌సూట్ తొడుక్కునే టైము కూడా లెక్కేనట, మా ఆవిడ చెవికి బాధ్యత సంతకం పెట్టిన ఫారానిదట. మూడోసారి వెళ్ళాక 1,500 వాపసిచ్చాడు. అందులో మూడు సార్లకీ కలిపి 180 పార్కింగ్‌కే పోయింది.