పాత బుల్లెట్‌కు సరైన జెట్ సైజు: మాన్యువలా, ప్లగ్గా, మీటరా – ఏది మేలు?

తిరుపతిలో పాత బుల్లెట్ 350ని శ్రద్ధగా బాగు చేయించి రోడ్డెక్కించినవారికి చివరిదాకా మిగిలిపోయే చిక్కు కార్బురేటర్‌దే. ఇంజన్ బోరింగ్ అయిపోతుంది, వైరింగ్ మారుతుంది, అయినా బండి ఎత్తులో తడబడుతుంది, దిగువలో సైలెన్సర్ టపటపమంటుంది. కార్బురేటర్‌లో పెట్రోలు పారే సన్నని రంధ్రమున్న చిన్న ముక్కే జెట్. ఏ సైజు జెట్ వేయాలో తేల్చుకోవడానికి మూడు మార్గాలున్నాయి: కంపెనీ మాన్యువల్‌లోని అంకెను పాటించడం, స్పార్క్ ప్లగ్ రంగు చూస్తూ ఒక్కొక్క సైజూ మార్చడం, సైలెన్సర్ పైపుకు ఆక్సిజన్ సెన్సర్ బిగించి, గాలిలో పెట్రోలు ఎంత కలుస్తోందో మీటరులో చూడడం.

మాన్యువల్ అంకెను తేలిగ్గా తీసివేయకూడదు. ఆ ఇంజన్‌కు, ఆ ఎయిర్ ఫిల్టర్‌కు, ఆ సైలెన్సర్‌కు సరిపడేలా కంపెనీ పరీక్షించి నిర్ణయించిన సైజు అది. ఈ మూడూ మారని బండికి అక్కడి నుంచే మొదలుపెట్టాలి. అయితే ఆ అంకె ఆ కార్బురేటర్‌కే చెందుతుంది. మికుని కంపెనీ ఆరుపలకల మెయిన్ జెట్ మీది అంకె పెట్రోలు పారే పరిమాణాన్ని బట్టి వేసినది. కెయిహిన్ కంపెనీ జెట్ మీది అంకె రంధ్రం వ్యాసాన్ని బట్టి వేసినది. అమల్ కార్బురేటర్ తీసి మిక్‌కార్బ్ కార్బురేటర్ బిగించిన బండికి పాత అంకెనే వెతికి వేయడంలో అర్థం లేదు.

మాన్యువల్ అచ్చయిన నాటి పెట్రోలు కూడా నేడు లేదు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉన్నందున, అంతే గాలికి సుమారు 7 శాతం ఎక్కువ ఇంధనం కావలసి వస్తుంది. 100 సైజు దగ్గర మికుని జెట్ ఒక మెట్టు, అంటే 105, సుమారు 5 శాతం పెంపు. కాబట్టి మాన్యువల్ చెప్పిన జెట్ నేడు ఒక మెట్టు చిన్నదయ్యే అవకాశం ఎక్కువ.

తిరుమల కొండెక్కితే జెట్ మార్చాలా అని చాలామంది అడుగుతారు. కొండ మీదికీ కిందికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. గాలి సాంద్రత దాదాపు 7 శాతం తగ్గుతుంది, గాలి, పెట్రోలు మిశ్రమంలో పెట్రోలు వాటా అందులో సగం మేరకే పెరుగుతుంది. అది ఒక మెట్టుకు కూడా చాలదు. చలికాలపు తెల్లవారుజామున 20 డిగ్రీలుండే గాలికీ మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల గాలికీ మధ్య సాంద్రతలో తేడా కూడా దాదాపు అంతే. అంటే మన ఊళ్లో ఎండాకాలం తనంతట తానే బండిని కొండ మీద నిలబెట్టినంత పని చేస్తోంది. మే నెలలో సరిపోయిందనుకున్న జెట్ ధనుర్మాసంలో చాలకపోవచ్చు. పెట్రోలు చాలని మిశ్రమమే ఇంజన్‌ను వేడెక్కించి పాడుచేస్తుంది కనుక, సైజు నిర్ణయించే పరీక్షను చలికాలం ఉదయం పెట్టుకోవడమే క్షేమమని నా దృఢమైన అభిప్రాయం.

ఇక ప్లగ్ పరీక్ష. దీనికి ముందు ఏ జెట్ ఎప్పుడు పనిచేస్తుందో తెలిసి ఉండాలి. యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పటి నుంచి దాదాపు ఎనిమిదో వంతు వరకు ఐడిల్‌కు పెట్రోలిచ్చే చిన్న పైలట్ జెట్‌ది, నాలుగో వంతు వరకు యాక్సిలరేటర్‌తో పైకి లేచే స్లైడ్ అడుగు కోతది, అక్కడి నుంచి ముప్పావు వరకు ఆ స్లైడ్‌కు వేలాడే సూది, అంటే నీడిల్‌ది, ఆపైన మెయిన్ జెట్‌ది పెత్తనం. లీలామహల్ సర్కిల్ నుంచి అలిపిరి దాకా ట్రాఫిక్‌లో వెళ్లే బండి మెయిన్ జెట్‌ను ముట్టుకోనే ముట్టుకోదు. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు నీడిల్, దిగేటప్పుడు పైలట్ జెట్ మాట్లాడతాయి. ఊళ్లో తడబడే బండికి మెయిన్ జెట్ మార్చి పంపేవారిని చూస్తే బాధ కలుగుతుంది. యజమాని డబ్బు పోతుంది, లోపం అలాగే ఉంటుంది.

మెయిన్ జెట్ పరీక్షకు ఇంజన్ బాగా వేడెక్కాక కొత్త ప్లగ్ బిగించి, చంద్రగిరి వైపు హైవేలో రద్దీ లేని తెల్లవారుజామున, మూడో గేరులో యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి కొంతదూరం నడిపి, క్లచ్ పట్టి వెంటనే ఇంజన్ ఆపి, బండి పక్కకు తీసి ప్లగ్ చూడాలి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలలేదు, మసిబారితే ఎక్కువైంది. అయితే పాత పుస్తకాలు చెప్పే చక్కని గోధుమరంగు సీసం కలిసిన పెట్రోలు నాటిది. దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్మడం 2000లో మొదలైంది. నేడు ఆ రంగు కోసం జెట్ పెంచుకుంటూ పోతే అవసరానికి మించిపోతుంది. ప్లగ్‌లోని పింగాణీ అడుగున, లోహంలో కలిసే చోట సన్నని మసి గీత ఉందో లేదో చూడడమే ఇప్పటి పద్ధతి.

పైలట్ జెట్‌కు ప్లగ్ అక్కరలేదు. మిక్‌కార్బ్ ఎయిర్ స్క్రూను పూర్తిగా బిగించి మెల్లగా విప్పుతూ పోతే, ఐడిల్ అత్యంత నిలకడగా ఉండే చోటు ఒకటి నుంచి రెండు చుట్ల మధ్య రావాలి. ఒక చుట్టుకు ముందే వస్తే జెట్ చిన్నది, రెండున్నర దాటితే పెద్దది.

మీటరు అన్నిటికంటే కచ్చితమైనది, ముఖ్యంగా నీడిల్ పనిచేసే మధ్యభాగంలో, ఎందుకంటే అక్కడ ప్లగ్ రంగు చెప్పగలిగేది చాలా తక్కువ. కానీ పైపుకు రంధ్రం చేసి నట్టు వెల్డింగ్ చేయించాలి, మిశ్రమాన్ని అంకెల్లో చూపగల వైడ్‌బ్యాండ్ సెన్సరే కొనాలి. అసలు సైలెన్సర్‌ను భద్రంగా కాపాడుకునేవారికి ఆ రంధ్రం మనసొప్పదు, నాకూ ఒప్పదు.

అందుచేత ఒక్క బుల్లెట్ ఉన్నవారికి నేను సూచించేది ఇది: మాన్యువల్ అంకెకు ఒక మెట్టు పైన మొదలుపెట్టి, కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు ఎత్తును నిలిపే ఫ్లోట్ మట్టం, కార్బురేటర్‌ను ఇంజన్‌కు కలిపే మానిఫోల్డ్ దగ్గర గాలి లీకు సరిచూసుకుని, ప్లగ్‌తో తేల్చుకోవాలి. నాలుగైదు బండ్లు ఉన్నవారికి, బాగుచేయడమే వృత్తిగా ఉన్నవారికి మీటరు మేలు. డ్రిల్లుతో రంధ్రం పెద్దది చేసిన జెట్‌ను మాత్రం ఏ మార్గంలోనూ అంగీకరించకూడదు, ఎందుకంటే దానిమీది అంకె ఇక దేనికీ కొలత కాదు.

ఆర్‌ఎక్స్ 100, పాత యెజ్డీ వంటి టూ స్ట్రోక్ బండ్లకు ఈ తీర్పు మారుతుంది. పొగలోని ఆయిల్ సెన్సర్‌ను పాడుచేస్తుంది. పైగా కాలకుండానే సైలెన్సర్‌లోకి జారే తాజా గాలి వల్ల మీటరు పెట్రోలు చాలలేదని తప్పు చూపిస్తుంది. వాటికి ప్లగ్ పరీక్షే ఆధారం. రెండు సైజుల మధ్య సందేహం వస్తే పెద్దదే ఉంచాలి, ఎందుకంటే చిన్న జెట్‌తో మొగిలి ఘాట్ ఎక్కితే పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది.